అన్ని డబ్బాల్లోనూ ఉప్పే

ముందే చెప్పేస్తున్నా. మొన్న ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చినామె చివరికి తిన్నది ఒక్క అరటిపండు. అది కూడా తొక్క తనే ఒలుచుకుంది. నేను ఒలిచి ఇస్తానంటే వద్దనింది. నా చెయ్యి తగిలితే చాలు, ఏదైనా ఉప్పగా అయిపోతుందని ఆపాటికి ఆమెకు నమ్మకం కుదిరింది. మీరు భయపడకుండా టీ తాగండి. ఈ టీ పెట్టింది క్యాంటీన్ మనిషి, నేను కాదు.

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు షాహీన్ సంగతి తెలియదు కాబట్టి అక్కడి నుంచి చెబుతా. షాహీన్ బ్యాంకులో క్లర్కు. నేను కర్నూలు వచ్చిన కొత్తలో ఇద్దరం ఒకే షేర్ ఆటోలో పోయేవాళ్ళం. ఒకరోజు ఆటోలో తనే అడిగింది, "నువ్వు యాడ ఉంటాండావు?" అని. హాస్టల్‌లో అని చెప్పా. "హాస్టల్ తిండి తిని ఇట్ల అయిపోయినావా?" అనింది. నేనేమీ చిక్కిపోలేదు. నా ఒళ్ళే అంత. అయినా ఆ మాట అడిగినవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు. నెల తిరిగే లోపల కల్లూరులో ఓబులమ్మత్త అనే ఓనరమ్మ ఇంటిమీద ఉన్న రెండు గదుల వాటాలో ఇద్దరం చేరిపోయాం.

ఆమెకు పెళ్ళయింది, నిలవలేదు. ఆ సంగతి తను చెప్పలేదు, నేను అడగలేదు. నాకు పెళ్ళి కాలేదు. సంబంధాలు వస్తూ పోతూ ఉండగా నాకు వయసైపోయింది, అవి రావడం మానేశాయి. ఆ సంగతి కూడా ఆమె అడగలేదు. అలా శానా ఏళ్ళు బాగానే గడిచిపోయాయి.

వంట షాహీన్‌ది. కూరగాయలు తేవడం, ఎర్రగడ్డలు తరగడం, గిన్నెలు తోమడం నాది. ఒక్కసారి కూడా పొయ్యి దగ్గరికి నన్ను రానివ్వలేదు. నేను కూడా పోతానని పట్టుబట్టలేదు. ఎండాకాలంలో మిద్దె మీద ధనియాలు, ఎండుమిరపకాయలు, చెక్కా లవంగం ఎండబెట్టి, వేయించి, పొడులు కొట్టి డబ్బాలకు ఎత్తేది. మాంసంలోకి ఒక మసాలా, వంకాయలోకి నువ్వులు దంచిన నూగుల పొడి, తెల్లగడ్డలేసి నూరిన ఎర్రకారం, చారు పొడి, చివరికి మజ్జిగలోకి కూడా జీలకర్ర, కరివేపాకు ఎండబెట్టి ఒక పొడి. స్టీలు డబ్బాలు వరసగా అలమరలో కూర్చునేవి. ఏ డబ్బా మీదా పేరుండదు. వాసన చూసి తీసేది.

మొన్న వేసవి తర్వాత ఆమెకు వేంపల్లెకు ట్రాన్స్‌ఫర్ అయింది. కడప జిల్లా. ఇక్కడి నుంచి పోవాలంటే ఒక పూటంతా బస్సులోనే. ట్రాలీ ఆటోకు సామానెత్తాం. మంచం, బీరువా, ఫ్యాను ఎక్కాయి. డబ్బాలు మాత్రం అలమరలోనే ఉన్నాయి. "ఇవి?" అన్నా. "నీకే. కొత్తగా కొట్టినా," అనింది. ఆటో కదిలేటప్పుడు కిందికి వంగి ఇంకేదో చెప్పింది. ఇంజన్ చప్పుడులో నాకు వినపడలేదు. వినపడినట్టు తలూపా. మళ్ళీ అడిగితే ఏడుస్తానేమోనని భయం.

ఆ తర్వాత నేను వంటింట్లో టీ తప్ప ఏమీ పెట్టలేదు. డబ్బాలు తెరవలేదు. తెరిస్తే అయిపోతాయి గదా. మన సందు చివర కర్రీ పాయింట్ ఉంది చూడండి, రోజూ అక్కడ ఒక కూర ప్యాకెట్ కట్టించుకుని పోయేదాన్ని. సాయంత్రం షాహీన్ ఫోన్ చేసేది.

"ఏం వండినావే?"

"వంకాయ."

"ఎట్ల కుదిరింది?"

"బాగా కుదిరింది."

కర్రీ పాయింట్ బోర్డు మీద ఆరోజు ఏది రాసుంటే అదే నేను వండినట్టు. ఒకరోజు పొరపాటున "పనసకాయ బిర్యానీ" అనేశా. "శానా నేర్చుకున్నావే," అనింది షాహీన్. నాకు సిగ్గేసింది. అయినా నిజం చెప్పలేదు. నేను సరిగ్గా తింటున్నానని అక్కడ ఆమెకు ఒక ధైర్యం ఉంటుంది గదా అనుకున్నా.

అసలు కష్టం తిండి కాదు. శనివారం సాయంత్రం ఇక్కడ తాళం వేసి పోతే, సోమవారం పొద్దున మీ ముఖాలు చూసేదాకా ఆ ఫోన్ తప్ప నాతో మాట్లాడే మనుషులు లేరు. ఆటో అతను "జరిగి కూసోండమ్మా" అంటాడు. చర్చిలో వందనాలు చెప్పుకుంటాం. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని గట్టిగా దగ్గితే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆరోజు కిందికి దిగి ఓబులమ్మత్తతో అన్నా, ఆ రెండో గదికి ఎవరైనా ఉంటే చూడత్తా అని.

ఆమె వారం లోపలే చూసింది.

"ఎస్తేరమ్మా, ఒకామె వస్తాండాది ఆదివారం. ఆదోని నుంచి ప్రమోషన్ మీద వచ్చిందంట. సర్కారు ఆఫీసు. పేరు నిర్మల. నీ ఈడుదే. ఒక్కతే. మంచి మనిషి మాదిరి ఉండాది. నువ్వే గది చూపియ్యి, నీకు నచ్చాల గదా."

నాకు నచ్చడం గురించి నాకేం బెంగ లేదు. మనిషైతే చాలు. ఆమెకు నేను నచ్చాలి, అదీ నా బెంగ. ఇల్లు చూస్తే ఏముంది, సున్నం రాలుతున్న రెండు గదులు. నన్ను చూస్తే ఇంకా ఏముంది. షాహీన్ నన్నెట్లా గెలుచుకుందో ఆలోచించా. మొదటిరోజు కోడికూర వండి పెట్టింది. అంతే, నేనూ భోజనానికి రమ్మన్నా. ఫోన్‌లో నిర్మల కొంచెం వెనకాడింది. "ఎందుకు మేడం, గది చూసి పోతా గదా." లేదు, ఒక్క పూట తినాల్సిందే అన్నా. నా నోటితో నేనే అన్నా.

ఈ సంగతి షాహీన్‌కు చెప్పలేదు. నీ గదిలోకి ఇంకొకరిని తెచ్చుకుంటున్నానే అని ఎట్లా చెప్పేది? అందుకే వంట ఎట్లా చేయాలని కూడా అడగలేకపోయా. అయినా అన్నేళ్ళు పక్కన నిలబడి ఎర్రగడ్డలు తరిగినదాన్ని, ఏది ముందో ఏది తర్వాతో చూడలేదా అనుకున్నా.

ఆదివారం మొదటి ఆరాధనకే పోయి, వచ్చేదారిలో కోడిమాంసం తెచ్చా. షాహీన్ అలవాటు చేసిన దుకాణమే. అతను "అక్క బాగుండాదా?" అని ఆమె గురించి అడిగాడు. బాగుందన్నా. ఇంటికొచ్చి కొంగు బిగించా.

మాంసానికి ఉప్పు, పసుపు, పెరుగు పట్టించా. షాహీన్ అట్లాగే చేసేది. బాండలిలో ఎర్రగడ్డలేసి దాంట్లో ఉప్పేశా, ఉప్పేస్తే తొందరగా వేగుతాయని ఆమె చెప్పేది. మాంసం వేశా. అప్పుడు అలమర తెరిచి డబ్బాలు దించా. మూత తీయగానే ఆ వాసనకు కాసేపు అక్కడే నిలబడిపోయా. తర్వాత ఎర్రకారం ధారాళంగా వేశా. మసాలా ఇంకా ధారాళంగా వేశా. ఆఖరున కూరకు సరిపడా ఉప్పేశా.

రుచి చూడలేదా అని మీరడుగుతారు. షాహీన్ చూసేది కాదు మరి. రంజాన్ నెలంతా నోట్లో చుక్క వేసుకోకుండా నాకు వండి పెట్టేది, ఒక్కరోజు కూడా ఎక్కువ తక్కువ కాలేదు. మూత తీసి ఆవిరి వాసన చూసి "ఉప్పు సాలు" అనేది. చేయితిరిగినవాళ్ళ పద్ధతి అదేననుకుని నేనూ మూత తీశా, వంగి గట్టిగా పీల్చా. కోడికూర వాసన వచ్చింది. అంతకు మించి నాకేమీ తెలియలేదు. "సాలు," అని పైకే అనుకున్నా.

అదే ఊపులో వంకాయ చేశా, నూగుల పొడేసి, ఉప్పేసి. చారు పెట్టా, చారు పొడేసి, ఉప్పేసి. అన్నం వార్చా. ఇంకా టైముంది. ఎందుకైనా మంచిదని గరిటె చివర కొంచెం కూర నాలుక మీద వేసుకున్నా.

వేసుకున్నదాన్ని వేసుకున్నట్టే పోయి వాష్‌బేసిన్ దగ్గర నిలబడ్డా. ఉప్పు కాదండీ అది. ఉప్పుల దుకాణం. నాలుక ముడుచుకుని గొంతులోకి పారిపోవాలని చూసింది.

సరే, ఉప్పెక్కువైతే ఉర్లగడ్డలేయాలి, పీల్చుకుంటాయి. అది అందరికీ తెలిసిందే. నాలుగు పెద్ద ఉర్లగడ్డలు కోసి వేశా. కొంచెం నీళ్ళు పోశా. ఉడికాక చూస్తే కొంచెం తగ్గింది. ప్రాణం లేచొచ్చింది. కానీ కూర నీళ్ళ నీళ్ళగా అయింది, మాంసం ముక్కలు ఈత కొడుతున్నాయి. చిక్కబడాలంటే నూగుల పొడి వేయాలి. వేశా. చిక్కబడింది. రుచి చూశా. ఉప్పు మళ్ళీ పెరిగింది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ ఉప్పు డబ్బా ముట్టుకోలేదు కదా. ఇంకొన్ని నీళ్ళు పోశా. ఉప్పు తగ్గింది, కారం కూడా తగ్గింది. చప్పటి కూర ఎట్లా పెట్టేది? ఎర్రకారం వేశా. ఉప్పు పెరిగింది. మసాలా వాసన పోయిందని మసాలా వేశా. ఇంకా పెరిగింది. నా చెయ్యి నేనే చూసుకున్నా. చెమటలో ఏమైనా ఉప్పు ఊరుతోందా అని చెయ్యి సబ్బుతో కడుక్కుని వచ్చి మళ్ళీ నూగుల పొడి వేశా.

రోజూ ఊళ్ళోవాళ్ళ రక్తం తీసి సోడియం ఎంతుందో రిపోర్టు ఇచ్చేదాన్ని. నా పొయ్యి మీదున్న గిన్నెకు మాత్రం రిపోర్టు ఎట్లా ఇవ్వాలో తెలియలేదు.

ఇంతలో బాండలి నిండి పొర్లింది. పెద్ద గిన్నెలోకి మార్చా. అది కూడా నిండింది. కిందికి పరిగెత్తి ఓబులమ్మత్తను ఆమె పెద్ద డేగిసా అడిగా.

"ఎంతమంది వస్తాండారే?" అనింది.

"ఒకామే అత్తా."

డేగిసా వైపు చూసింది, నా వైపు చూసింది. "ఒకామెకు ఇంత ప్రేమనా," అని ఇచ్చింది.

డేగిసాలోకి కూర వంచుతుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు.

నిర్మల లోపలికి వచ్చింది. సన్నగా, నెమ్మదిగా, కాటన్ చీర, భుజాన సంచి. మాట కూడా చిన్నగానే. గది చూపించా. కిటికీ తెరిచి చూసింది, గాలి బాగుందనింది. గోడకు షాహీన్ కొట్టించిన మేకులు చూసి "ఈడ ముందు ఎవరున్నారు?" అని అడిగింది. చెప్పా. కొంచెం ఎక్కువే చెప్పినట్టున్నా. ఆమె నవ్వి ఊరుకుంది. నాకు ఆమె నచ్చింది. ఏదైనా చెబుతుంటే మధ్యలో మాట్లాడకుండా వినేది. ఇట్లాంటి మనిషి సాయంత్రాలు ఇంట్లో ఉంటే ఎట్లా ఉంటుందో అప్పుడే ఊహించుకోవడం మొదలుపెట్టా. సరిగ్గా అప్పుడే వడ్డించాల్సి వచ్చింది.

ఆమె మొదటి ముద్ద పెట్టుకుంది. నమలడం ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. మింగింది. ఆ మింగడంలో ఎంత మర్యాద ఉందో నాకు తెలుసు.

"బాగుండాదా?" అన్నా. అడగకుండా ఉండాల్సింది.

"మసాలా వాసన బాగుండాది మేడం," అనింది.

నిజమే చెప్పింది, పాపం. వాసన ఒక్కటే బాగుంది. పళ్ళెంలో ఉన్న కొంచెం కూరకు కొండంత అన్నం కలుపుకుంది. నీళ్ళు తాగింది. నేను చెంబు నింపా. మళ్ళీ తాగింది. వంకాయ వేశా, అదెట్లా ఉందో నాకప్పటికి తెలియదు. వంకాయ తిని కళ్ళు మూసుకుంది. చారు పోయించుకుని ఒక్క ముద్ద తిని, పళ్ళేన్ని మెల్లగా కొంచెం దూరం జరిపింది. తన ఇష్టంతో కాదు, ఆ చెయ్యి దానంతట అదే జరిపినట్టుంది.

"మజ్జిగ ఇవ్వనా?" అన్నా.

ఆమె ముఖం ఎంత వెలిగిందో. "ఇయ్యండి మేడం," అనింది ఆశగా.

నేను పరిగెత్తి మంచి మజ్జిగ చిలికా. ఒట్టి మజ్జిగ ఇచ్చుంటే బతికిపోయేదాన్ని. కానీ అతిథి గదా. షాహీన్ మజ్జిగ పొడి డబ్బా తీసి నిండు చెంచా వేశా. కొంచెం ఉప్పు కూడా వేశా. గ్లాసు చేతికిచ్చా. ఆమె ఒక్క గుక్కలో సగం తాగి, గ్లాసు నేల మీద పెట్టి, కాసేపు నేలనే చూసింది.

"మేడం," అనింది చివరికి, శానా మెల్లగా, "నాకు బీపీ ఉండాది. మీ ఇంట్లో ఉప్పు వేయనిది ఏమన్నా ఉండాదా?"

ఆ అరటిపండు అప్పుడొచ్చింది.

చేయి కడుక్కుని, సంచి భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర నిలబడి "ఫోన్ చేస్తా మేడం," అనింది. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. నన్ను చూడవచ్చినవాళ్ళు కూడా అదే అని పోయేవాళ్ళు. మెట్లు దిగుతున్న చప్పుడు ఆగేదాకా అక్కడే నిలబడ్డా. తర్వాత వంటింట్లోకి వచ్చి, ఆ డేగిసా ముందు పీట వేసుకుని కూర్చున్నా. నవ్వాలో ఏడవాలో తెలియకపోతే మనిషి ఏం చేస్తాడో నేను చేసి చూశా. ఏమీ చేయడు. ఊరికే కూర్చుంటాడు.

ఫోన్ మోగింది. షాహీన్. మామూలుగా సాయంత్రం చేసేది, ఆరోజు మధ్యాహ్నమే చేసింది.

"ఏం వండినావే?"

కర్రీ పాయింట్ ఆదివారం సెలవు. బోర్డు లేదు, ఏం చెప్పాలో తోచలేదు. నోట్లోంచి నిజం వచ్చేసింది. "కోడికూర. ఉప్పు కషాయం అయిపోయింది షాహీన్. ఉర్లగడ్డలేసినా, నీళ్ళు పోసినా, తగ్గల్య. ఏం వేసినా ఉప్పే ఎక్కువైతాండాది."

"ఉప్పు ఎంత ఏసినావు?"

"మామూలుగా నువ్వు ఏసేంత."

"ఏమే," అనింది, "పొడుల్లో నేను ఉప్పేసినా గదే."

"ఏ పొడిలో?"

"అన్నిట్లో. మసాలాలో, కారంలో, నూగుల పొడిలో, చారు పొడిలో, అన్నిట్లో. ఆటో ఎక్కేటప్పుడు చెప్పినా గదా, తలకాయ ఊపినావే."

నేను తల ఊపిన సంగతి గుర్తొచ్చింది. "ఎప్పుడూ వేసేదానివి కాదు గదా, ఇప్పుడెందుకేసినావు?" అన్నా. కోపంగానే అన్నట్టున్నా.

"నీకు వండేది రాదు గదే. ఉప్పు మర్చిపోతావు, లేకుంటే ఎక్కువేస్తావు. కల్లుప్పు వేయించి, లెక్కగా కలిపి పెట్టినా. నువ్వు నీళ్ళు పోసి ఉడికించుకుంటే సాలని. నువ్వు ఒక్కదానివే ఉండి ఏం తింటావో అని."

ఇంతలోనే ఆమెకు ఒక అనుమానం వచ్చింది.

"అయితే డబ్బాలు ఈరోజే తెరిచినావా? మరి ఇన్ని దినాలూ ఏం తిన్యావు? ఆ పనసకాయ బిర్యానీ?"

"కర్రీ పాయింట్."

షాహీన్ నవ్వడం మొదలుపెట్టింది. ఊపిరాడకుండా నవ్వింది. ఆమె వేంపల్లె పోయినప్పటి నుంచి అట్లా నవ్వడం నేను వినలేదు. నేను కూడా నవ్వా. నవ్వుతూనే చెప్పేశా, గదికి ఒకామెను పిలిచానని, ఆమె కోసమే ఈ వంటని, ఆమె అరటిపండు తిని పోయిందని.

నవ్వు ఆగింది. ఫోన్‌లో వీధి చప్పుడు వినిపించింది, ఎక్కడో బస్సు హారన్.

"మంచిపని చేసినావు," అనింది. "గది ఖాళీగా ఎందుకు పెట్టుకోవాల. నేనెట్లాగూ రాను గదా."

గొంతు మామూలుగానే ఉంది. మామూలుగా ఉంచడానికి కష్టపడుతున్నట్టు నాకు తెలిసింది. మాట మార్చాలని అడిగా. "నువ్వేం వండినావు?"

"నేనా? ఈడ మెస్సులో తింటాండా."

"నువ్వా?"

"ఒక్కదానికి ఏం వండుకునేది లేవే."

"పొడులు?"

"ఒక్క డబ్బా గూడా ఉంచుకోల్య. ఎవరికేసేదానికి?"

తర్వాత షాహీన్ గొంతు సవరించుకుంది. "సరే, ఆ కూర పారబోయొద్దు. ఫోన్ స్పీకర్‌లో పెట్టు. బియ్యం ఉండాయా? కడుగు. ఆ నీళ్ళ కూరలోనే ఏసెయ్యి. ఉప్పు ఏయద్దు. ఏమీ ఏయద్దు. డబ్బాలు అలమరలో పెట్టి తలుపేసేయి, నీ మీద నాకు నమ్మకం లేదు."

నేను బియ్యం కడిగా, వేశా, కలిపా. ఆమె అటునుంచి "కిందికంటా కలుపు", "మంట తగ్గించు", "మూత తీయకు" అంటూనే ఉంది. మూత తీశావా అని అడిగితే లేదన్నా. "చప్పుడు వినపడింది," అనింది. ఆ మధ్యాహ్నం ఎట్లా గడిచిందో తెలియలేదు. కడాన ఆ డేగిసా నిండా పలావు లాంటిదొకటి తయారైంది. ఉప్పు ఇంకా కొంచెం ఎక్కువే, కానీ మనుషులు తినేట్టు ఉంది. కింద ఓబులమ్మత్త ఇంటికి సగం ఇచ్చా. "బిర్యానీ చేసినావా?" అని ఆమె సంబరపడింది. అవునన్నా. అబద్ధాలు చెప్పడం నాకు అలవాటైంది.

నిర్మల ఫోన్ చేయలేదు. మెసేజ్ పెట్టింది, ఆఫీసు పక్కనే గది దొరికిందని, భోజనానికి థాంక్స్ అని. ఆ థాంక్స్ చదివి ఆమె మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. షాహీన్‌కు చెప్తే "పోనీలే" అనింది. ఆ పోనీలేలో కొంచెం సంతోషం కూడా ఉన్నట్టు నాకనిపించింది. నా లోపల కూడా కొంచెం ఉండింది. కానీ ఆ రెండో గది తలుపు తీసి చూస్తే మళ్ళీ అదే మేకులు, అదే గోడ.

అయినా బుద్ధి తెచ్చుకున్నా. కర్రీ పాయింట్ మానేశా. నిన్న ఇక్కడి నుంచి పోయి, ఎందుకొచ్చిన గొడవని డబ్బాల జోలికే పోకుండా, కందిబేళ్ళేసి, టమాటా, పచ్చిమిరపకాయలేసి మామూలు పప్పు చేశా. తిరగమోత కూడా పెట్టా. టీవీ పెట్టుకుని కూర్చుని తింటున్నా. రెండోసారి కూడా వడ్డించుకున్నా. షాహీన్ ఫోన్ చేసింది.

"ఏం వండినావే?"

"పప్పు. నిజంగా నేనే వండినా. ఇప్పుడే తింటాండా, రెండోసారి."

"శభాష్. ఏ పొడి ఏసినావు?"

"ఏదీ ముట్టుకోల్య."

"మరి ఉప్పు?"

నేను నములుతున్నది ఆపా. పళ్ళెం వైపు చూశా. ఒక వేలు పప్పులో ముంచి, నాలుక మీద పెట్టుకుని చూశా.

ఆమె అడిగేదాకా నాకు తెలియనే లేదండీ.